ఎర్రముక్కపల్లి బంగళా, బ్రౌన్ దొర

కడప పట్టణంలోని ఎర్రముక్కపల్లిలో ఒక గ్రంథాలయం ఉంది. దాని పేరు సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. ఏటా నవంబరు 10వ తేదీన అక్కడ బ్రౌన్ జయంతి జరుపుతారు. దండలు వేస్తారు, పండితులు ప్రసంగిస్తారు, భాషకు సేవ చేసినవారికి శాలువాలు కప్పుతారు. పనిమీద పట్నం వచ్చి ఆ దారిన పోతూ చూచిన పల్లె జనానికి ఒక సందేహం రావడం సహజం. కుంపిణీ కొలువులో ఉండి మన తాతముత్తాతల వద్ద శిస్తు వసూలుచేసిన దొరకు ఇంత మర్యాద ఎందుకని. సందేహం న్యాయమైనదే. ఆ దొర జీవితం తెలిసికొంటేనే దానికి జవాబు దొరుకుతుంది.

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. ఇంగ్లీషు తల్లిదండ్రులకు పుట్టినా ఈ దేశపు గాలి పీల్చి పెరిగినవారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. దేశభాషలంటే మక్కువ గలవాడు. కుంపిణీ ఉద్యోగులకు భాషలు నేర్పే ఫోర్టు విలియం కళాశాలలో పెద్ద పదవిలో ఉండేవాడు. ఆయన పిల్లల చదువును ఇంట్లోనే మొదలుపెట్టాడు. గ్రీకు, లాటిను, హీబ్రూ వంటి పాతభాషలు చిన్ననాడే ఈ కుర్రవాని నోట పలికాయి. పారశీకం, హిందూస్తానీలతో కూడా పరిచయం అయింది. తెలుగు మాత్రం ఆ ఇంట లేదు.

1812లో తండ్రి పోయాడు. కుటుంబం ఇంగ్లండు చేరింది. బ్రౌన్ అక్కడ హెయిలీబరీ కళాశాలలో కుంపిణీ సివిలు ఉద్యోగానికి కావలసిన చదువు చదివి, 1817 ఆగస్టులో మద్రాసులో దిగారు. అప్పటికి ఆయనకు 19 ఏళ్లు కూడా నిండలేదు. మద్రాసు సెంటుజార్జి కోటలోని కళాశాలలో చేరి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అక్షరాలు దిద్దారు. ఉద్యోగానికి తెలుగు పరీక్ష అవసరం కనుక ఈ చదువు. మొదట్లో ఆయనకు తెలుగుపై అంతకుమించిన ప్రేమ ఉన్నట్లు కనిపించదు.

కడపలో మొదటి కొలువు

1820లో సర్ థామస్ మన్రో మద్రాసు గవర్నరు అయ్యాడు. నైజాం నవాబు 1800లో కుంపిణీకి వదలిన దత్తమండలాలను అంతకుముందు ఏడేళ్లు ఏలినవాడు ఈ మన్రోనే. రైతు చెప్పే మాట దుబాసీ ద్వారా కాక దొర తన చెవులతో తానే వినాలని ఆయన పట్టుదల. ఆ ఏటి ఆగస్టులోనే బ్రౌన్ కడప కలెక్టరు హన్బరీకి సహాయకుడుగా వచ్చారు. హన్బరీ తెలుగు ధారాళంగా మాట్లాడేవాడు. కచేరీ వ్యవహారం అంతా తెలుగులోనే నడిపేవాడు. మద్రాసులో పుస్తకం ముందు పెట్టుకొని నేర్చిన తెలుగుకూ, కడప కచేరీ మెట్లమీద రైతులు, కరణాలు, రెడ్లు మాట్లాడే తెలుగుకూ ఎంత దూరమో బ్రౌన్‌కు అప్పుడే తెలిసివచ్చింది. ఆయన నోటికి తెలుగు పట్టుబడింది కడప కచేరీలోనే. మన జిల్లావారు ఈ మాట కాస్త గర్వంగా చెప్పుకొన్నా తప్పులేదు.

1821లో కడపలోనే ఆయన తన ఖర్చుతో రెండు ఉచిత పాఠశాలలు పెట్టారు. తరువాత మచిలీపట్నంలో కూడా అటువంటి బడులు తెరిచారు. ప్రభుత్వం బడులు పెట్టాలనే ఆలోచన అంతగా లేని రోజులవి. కొలువుకు కొత్తగా వచ్చిన చిన్న దొర జీతమెంత, దానిలో బడిపంతుళ్లకు ఎంత మిగులుతుంది అని ఆలోచిస్తే ఆ పని విలువ తెలుస్తుంది.

వేమన్న దొరికిన తీరు

1822లో బ్రౌన్ మచిలీపట్నానికి బదిలీ అయ్యారు. ఫ్రెంచి మతగురువు దుబాయి మన దేశపు ఆచారాలమీద వ్రాసిన పుస్తకం అక్కడ ఆయన చదివారు. అందులో వేమన అనే కవి ప్రస్తావన ఉంది. ఆ కవి ఎవరో తెలిసికోవాలన్న కోరికతో 1824లో వేమన పద్యాల ప్రతులు సేకరించడం మొదలుపెట్టారు.

ఇక్కడొక విచిత్రం ఉంది. మన పల్లెల్లో మేకలు కాచే పిల్లవానికి కూడా నాలుగు వేమన పద్యాలు నోటికి వచ్చు. కానీ ఆనాటి పండితులు చాలామంది వేమనను కవిగా లెక్కించేవారు కారు. మాటలు మోటు, ఛందస్సు ఆటవెలది, చెప్పేవి కులాన్నీ మొక్కుబడులనూ దులిపే మాటలు. అందువల్ల వేమన పండితుల పెట్టెలకంటే జనం నాలుకలమీదనే ఎక్కువగా బ్రతికాడు. దొరికిన తాటాకు ప్రతులు కూడా ఒకదానితో ఒకటి పొసగవు. ఒక ప్రతిలోని పద్యం మరొక దానిలో ఉండదు. ఉన్నా మాటలు మారిపోయి ఉంటాయి. బ్రౌన్ ఎక్కడెక్కడి ప్రతులో తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్పించి, 693 పద్యాలు ఏరి ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చువేశారు. పదేళ్లకు, 1839లో, 1,164 పద్యాలతో మరొక కూర్పు తెచ్చారు. వేమన్న పేరు సముద్రాలు దాటింది ఈ పుస్తకంతోనే.

తెలుగు పద్యం నడక తెలియనిదే కవిత్వం అంతుపట్టదని ఆయన త్వరలోనే గ్రహించారు. మచిలీపట్నంలో వఠ్యం అద్వైత బ్రహ్మయ్య, తిప్పాభట్ల వెంకటశివ శాస్త్రి అనే పండితుల వద్ద కూర్చొని ఛందస్సు నేర్చారు. తెలుగు, సంస్కృత ఛందస్సులపై 1827లో ఇంగ్లీషులో ఒక పుస్తకమే వ్రాశారు. మనలో చదువుకొన్నవారికి కూడా గణాలు, యతిప్రాసలు చెమటలు పట్టించే సంగతి తెలిసిందే కదా.

బంగళాలో పండితుల కొలువు

రాజమండ్రిలో కొంతకాలం పనిచేసి 1826లో బ్రౌన్ తిరిగి కడపకు వచ్చారు. ఈసారి ఊరి వెలుపల విశాలమైన తోట, దానిలో ఒక బంగళా కొన్నారు. నేటి ఎర్రముక్కపల్లి గ్రంథాలయం ఉన్న చోటు అదే. ఆయన కథలో మన జిల్లాకు ముఖ్యమైన ఘట్టం ఇక్కడ మొదలవుతుంది.

ఆనాడు తెలుగు కావ్యం అంటే తాటాకు కట్ట. గంటంతో గీచి, మసి పూసి, రంధ్రాలలో తాడు కూర్చి, పైన చెక్కలు బిగించి, గుడ్డలో చుట్టి అటకమీద పెట్టేవారు. ఒక తరం చదివితే రెండో తరం పూజలో పెట్టేది, మూడో తరం చెదలకు వదిలేది. కొన్ని కట్టలు నవమినాడు గంగలో కలిసేవి. ఒక గ్రంథం ఎన్ని ఊళ్లలో ఉంటే అన్ని పాఠాలు. వ్రాసినవాడు ఒకచోట అక్షరం తప్పితే, దాన్ని చూచి వ్రాసినవాడు రెండు చోట్ల తప్పేవాడు. అచ్చు తెలుగునాట కొత్త. మహాకవుల కావ్యాల్లో అచ్చయినవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

బ్రౌన్ చేసిన పని ఇది. ముందు ఒక కావ్యానికి ఎన్ని ప్రతులు దొరికితే అన్నీ ఊరూరా మనుషులను పంపి తెప్పించేవారు. అమ్మేవారి వద్ద కొనేవారు. అమ్మనివారి వద్ద ఎరువు తెచ్చి నకలు వ్రాయించి తిరిగి పంపేవారు. వ్రాయసకాండ్రు ఒక ప్రతిని కాగితంమీద ఎడంగా వ్రాసేవారు. తక్కిన ప్రతులలో తేడా ఎక్కడ ఉంటే అక్కడ ఆ పాఠాన్ని కూడా ఎక్కించేవారు. తరువాత పండితులు కూర్చొని ఒకరు చదువుతూ ఉంటే తక్కినవారు విని, ఏది సరైన పాఠమో తర్కించేవారు. దొర కూడా ఆ తర్కంలో కూర్చొనేవారు. పాఠం తేలిన తరువాత శుద్ధప్రతి వ్రాయించి, దానికి టీక వ్రాయించి, పదాల పట్టిక తయారుచేయించేవారు. కమ్మరి కొలిమిలో సమ్మెట దెబ్బ ఆగనట్లు ఆ బంగళాలో గంటం, కలం ఆగేవి కావు.

ఈ కొలువుకంతటికీ పెద్ద అయోధ్యాపురం కృష్ణారెడ్డి. దొర ఊరిలో లేనప్పుడు కూడా పండితుల జీతాలు, కాగితాల ఖర్చు, గ్రంథాల రాకపోకలు ఆయన చూచుకొనేవారు. బ్రౌన్ తరువాత ఎక్కడ ఉద్యోగం చేసినా కడప బంగళాలో పని కృష్ణారెడ్డి చేతిమీదుగా సాగింది. పండితులలో జూలూరి అప్పయ్య పేరు ముందు చెప్పుకోవాలి. వసుచరిత్ర, మనుచరిత్ర వంటి ప్రౌఢకావ్యాలకు ఆయన వ్యాఖ్య వ్రాస్తే బ్రౌన్ వసుచరిత్రను 1844లో, మనుచరిత్రను 1851లో అచ్చువేయించారు. దొర పేరు అందరికీ తెలుసు. ఈ అప్పయ్య పేరూ, ఆ కృష్ణారెడ్డి పేరూ మన జిల్లా బడిపిల్లలలో ఎందరికి తెలుసునో పంతుళ్లే చెప్పాలి.

ఇంతమందికి జీతాలిచ్చింది సర్కారు కాదు. బ్రౌన్ తన జీతంలోంచి ఇచ్చారు. చాలనప్పుడు అప్పులు చేశారు. పెండ్లి చేసికోలేదు. ఇల్లూ వాకిలీ అన్నీ ఆ తాటాకు కట్టలే అయ్యాయి.

పండితులకు నచ్చే కావ్యాలతో ఆయన ఆగలేదు. పల్లెల్లో పాడే కథలు, వీరగాథలు కూడా వ్రాయించి పెట్టారు. జంగాల మతం, వారి సాహిత్యం గురించి 1840లో వ్యాసం ప్రకటించారు. అనంతపురం రాజుల పోరాటాల చరిత్రను ఇంగ్లీషు చేసి 1853లో అచ్చువేయించారు. తాతాచార్యుల కథలను వాడుక తెలుగులో 1855లో అచ్చొత్తించారు. అరుగుమీద కూర్చొని చెప్పుకొనే కబుర్ల వంటివి ఆ కథలు. ఆనాటి తెలుగువారు ఎలా మాట్లాడుకొనేవారో తెలియాలంటే ఈనాటికీ ఆ పుస్తకం తిరగేయవలసిందే.

కరువును కరువన్నందుకు

ఈ పుస్తకాల మధ్య ఆయన సర్కారు ఉద్యోగమూ చేయవలసి ఉండేది. 1832లో వానలు లేక గుంటూరు సీమ ఎండిపోయింది. నందన నామ సంవత్సరం కనుక జనం దాన్ని నందన కరువు అన్నారు. ఆ జిల్లాలో అయిదు లక్షల జనాభా ఉంటే మూడోవంతు మొదలు సగందాకా నశించారని లెక్కలు కట్టారు. ఊళ్లకు ఊళ్లు పాడుపడ్డాయి. దారులవెంట శవాలు తీసేవారు లేరు. బ్రౌన్ అప్పుడు గుంటూరులో అధికారి. పైకి పంపిన కాగితాలలో ఆయన ఉన్నది ఉన్నట్లు కరువు అని వ్రాశారు. పైవారికి ఆ మాట నచ్చలేదు. ఎద్దడి, కొరత వంటి మెత్తని మాటలు వాడవలసిందని ఆయనను మందలించారు. కరువని కాగితంమీద ఒప్పుకొంటే శిస్తు మాఫీ, గంజి, ధాన్యం అన్నీ అడుగుతారన్నది లోగుట్టు కావచ్చు. కరువు మండలాల ప్రకటనకోసం కచేరీల చుట్టూ తిరిగిన మన రాయలసీమ రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. బ్రౌన్ కుంపిణీ మనిషే. కుంపిణీ పెట్టిన పన్నులు, చట్టాలు అమలుజరిపిన యంత్రంలో ఒక చక్రమే. తెలుగు బైబిలు అనువాదాలు సరిదిద్దడంలో కూడా ఆయన శ్రమపడ్డారు. మనవారి ఆచారాలు కొన్నింటిపై ఆయన వ్రాసిన మాటలు నేడు చదివితే కోపం తెప్పిస్తాయి. తెలుగు సాహిత్యం చచ్చిపడి ఉంటే లేపినవాణ్ణి నేనేనని వృద్ధాప్యంలో చెప్పుకొన్నారు. అది అతిశయమే. వీధిబడులలో శతకాలు వల్లెవేస్తున్న పిల్లలు, వీధిభాగోతాలు ఆడుతున్న పల్లెలు ఉన్నప్పుడు సాహిత్యం చచ్చిందని ఎట్లా అంటాము? అయితే పుస్తకాలు చస్తున్న మాట నిజం. వాటిని ఆయన ఎత్తి పట్టుకొన్న మాటా నిజం.

లండను గిడ్డంగిలో మగ్గిన గ్రంథాలు

1830ల నడుమ బ్రౌన్ కొన్నేళ్లు ఇంగ్లండుకు వెళ్లవలసివచ్చింది. అక్కడ కూడా ఊరకే కూర్చోలేదు. లండనులో కుంపిణీవారి ఇండియా హౌసు గ్రంథాలయంలో దక్షిణదేశపు భాషల వ్రాతప్రతులు గుట్టలుగా పడిఉన్నాయి. వాటిని చదవగలవారు అక్కడ లేరు. ఏది ఏ భాషో పేరు పెట్టినవారు లేరు. బ్రౌన్ దుమ్ము దులిపి పట్టీ తయారుచేశారు. 2,106 వ్రాతప్రతులు తేలాయి. అక్కడుంటే వాటికి ముక్తి లేదని, వాటిని చదవగలవారు ఉన్న మద్రాసుకు పంపించాలని పట్టుబట్టారు. చివరకు అవి మద్రాసు లిటరరీ సొసైటీకి చేరాయి. సీమనుంచి మనకు సరుకులు రావడం చూచాముగాని, సీమకు పోయిన మన సొత్తు ఓడెక్కి తిరిగి రావడం అరుదు. ఆ మాటకు వస్తే ఇవాళటికీ అరుదే.

1837లో ఆయన తిరిగి మద్రాసు చేరారు. పారశీక అనువాదకుడుగా, తెలుగు అనువాదకుడుగా, పోస్టుమాస్టరు జనరలుగా రకరకాల ఉద్యోగాలు చేశారు. తాను పోగుచేసిన గ్రంథ సంపదను కూడా లిటరరీ సొసైటీకే ఇచ్చివేశారు. అవన్నీ తరువాత ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి చేరి చెన్నైలో ఉన్నాయి. పరిశోధకులు నేటికీ అక్కడికే పోతారు.

నిఘంటువు

1840లో ఇంగ్లీషువారికోసం తెలుగు వ్యాకరణం తెచ్చారు. ఆయన పేరు ఇంటింటికీ చేర్చినది మాత్రం నిఘంటువు. తెలుగు మాటకు ఇంగ్లీషు అర్థం చెప్పేది 1852లో వెలువడింది. ఇంగ్లీషు మాటకు తెలుగు చెప్పేది దాని వెంటనే వచ్చింది. 1854లో మూడవది మిశ్రభాషా నిఘంటువు.

అంతకుముందు తెలుగులో నిఘంటువులు లేకపోలేదు. మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపిక ఉంది. క్యాంబెల్ దొర 1821లో అచ్చువేసినది ఉంది. బ్రౌన్ నిఘంటువు వాటికంటే వేరుగా కనిపించడానికి కారణం ఉంది. పాతికేళ్లకు పైగా బంగళాలో శుద్ధిచేసిన కావ్యాల పదపట్టికలు ఆయన చేతిలో ఉన్నాయి. కనుక ఒక మాటకు అర్థం చెప్పి, ఏ కవి దానిని ఎక్కడ వాడాడో చూపగలిగారు. రెండో సంగతి, పండితుడు అనని మాటలకు కూడా చోటిచ్చారు. సేద్యగాడు, సాలె, కుమ్మరి, సంతలో బేరగాడు మాట్లాడే మాటలు, సామెతలు, చివరకు తిట్లు కూడా ఆ పుటలలోకి ఎక్కాయి. అరసున్న, బండి ఱ వంటివి వాడుకలో పోయినవని వాటిని పక్కనపెట్టారు. దీనికి సంప్రదాయ పండితులు నొచ్చుకొన్నారు.

మిశ్రభాషా నిఘంటువు సంగతి మన గ్రామస్థులకు మరింత ఆసక్తి కలిగిస్తుంది. జమాబందీ, ఫసలీ, పట్టా, దస్తావేజు, కచేరీ వంటి పరాయి మాటలు నవాబుల కాలంలో మన కరణం లెక్కలలోకి వచ్చిచేరాయి. అవి తెలియని దొర అర్జీ చదవలేడు. తెలియని రైతు మోసపోతాడు. తెలుగులో కలిసిన అటువంటి పరాయి మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం అది. పట్టాదారు పాసుపుస్తకం చేత పట్టుకొన్న ప్రతి రైతూ ఆ మాటలలో కొన్నింటిని నేటికీ మోస్తూనే ఉన్నాడు.

బ్రౌన్ పోయిన తరువాత 1903లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును సవరించి తిరిగి అచ్చువేశారు. ఆ సవరణలో పాల్గొన్నవారిలో కందుకూరి వీరేశలింగం పంతులు ఒకరు. ఆ తరువాత ఎన్ని ముద్రణలు వచ్చాయో! 170 ఏళ్లు దాటినా ఆ నిఘంటువు పక్కన లేకుండా పాత తెలుగు చదివేవారు తక్కువ.

1855లో బ్రౌన్ ఉద్యోగం చాలించి లండను వెళ్లిపోయారు. మళ్లీ ఈ దేశం చూడలేదు. తెలుగును మాత్రం వదలలేదు. 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యారు. తన సాహిత్య జీవితాన్ని తానే వ్రాసుకొన్నారు. 1884 డిసెంబరు 12న, 86 ఏళ్ల వయసులో, లండనులోనే కన్నుమూశారు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి చేశారు.

మొండిగోడలనుంచి గ్రంథాలయం

కడప బంగళా చేతులు మారింది. కాలక్రమాన పైకప్పు పోయింది, గోడలు కూలాయి, ముళ్లచెట్లు మొలిచాయి. పండితులు తర్కించిన చోట మొండిగోడలు మాత్రమే మిగిలాయి. పక్కనుంచి పోయేవారికి అది ఎవరి ఇల్లో తెలియని రోజులు వచ్చాయి.

1970లలో బ్రౌన్ పేరు మళ్లీ వినిపించసాగింది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం బ్రౌన్ వ్రాతలను వెలికితీయడానికి పూనుకొన్నది. నెల్లూరు పాత్రికేయుడు బంగోరె, అంటే బండి గోపాలరెడ్డి, ఆ పనిలో మునిగి బ్రౌన్ జాబులు, పాత పుస్తకాలు తవ్వితీశారు. తాతాచార్యుల కథలు ఆయన చేతిమీదుగానే కొత్తగా వెలుగు చూశాయి. జి.ఎన్.రెడ్డిగారితో కలిసి బ్రౌన్ ఆత్మకథను 1978లో అచ్చుకు సిద్ధపరచినవారూ ఆయనే.

కడపలో ఆ బాధ్యత నెత్తిన వేసికొన్నవారు జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు. అనంతపురం జిల్లా రాయదుర్గంలో పుట్టి, కడపలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడుగా పనిచేసి, ఇక్కడివారే అయిపోయారు. జిల్లా రచయితల సంఘాన్ని నడిపారు. మొండిగోడలు చూచి, ఇక్కడ బ్రౌన్ పేర గ్రంథాలయం కట్టాలని పట్టుబట్టారు. స్థలం సొంతదారులు స్థలం ఇచ్చారు. స్మారక ట్రస్టు ఏర్పడింది. డబ్బు మాత్రం తేలికగా రాలేదు. శాస్త్రిగారు సంచి తగిలించుకొని బడులు, కచేరీలు, అంగళ్లు తిరిగారు. పెద్ద మొత్తాలకోసం ఎదురుచూడక, ఇచ్చినవారి వద్ద ఇచ్చినంత పుచ్చుకొన్నారు. 1980లలో పునాది పడింది. 1990లలో గ్రంథాలయం తలుపులు తెరుచుకొన్నాయి. జనం ఆయనను బ్రౌన్ శాస్త్రి అనడం మొదలుపెట్టారు. 2014లో ఆయన పోయేదాకా ఆ పేరు నిలిచింది. దొర పండితులకు జీతాలిచ్చి పుస్తకాలు నిలిపితే, ఒక తెలుగు పంతులు చందాలెత్తి దొర పేరు నిలిపారు. బాకీ తీరినట్లే అనిపిస్తుంది.

ట్రస్టు పెద్దలు వయసు మీరి, రాబడి చాలక, కరెంటు బిల్లుకు కూడా వెదుక్కొనే స్థితి ఏ గ్రంథాలయానికైనా రావచ్చు. మన ఊళ్లలో మూతపడిన పఠనమందిరాలే అందుకు సాక్ష్యం. ఇక్కడ ఆ గతి పట్టకుండా 2006లో ఈ సంస్థను యోగివేమన విశ్వవిద్యాలయానికి అప్పగించారు. అప్పటినుంచి అది భాషా పరిశోధన కేంద్రం. బ్రౌన్ ఏ కవిని వెదుక్కొంటూ తెలుగులోకి దిగారో ఆ కవి పేరిటి విశ్వవిద్యాలయమే నేడు ఆయన బంగళా స్థలాన్ని కాపాడుతున్నది. లండనులో ఉన్న తెలుగువారు కూడా ఊరుకోలేదు. కెన్సల్ గ్రీనులో మరుగునపడిన బ్రౌన్ సమాధిని వెదికి పట్టుకొని బాగుచేయించారు.

జయంతి సభ ఏడాదికి ఒక రోజు. తక్కిన రోజులలో కేంద్రంలో జరుగుతున్న పనిలో మన గ్రామాలకు ముఖ్యమైనది ఒకటి ఉంది. బ్రౌన్‌కంటే ముందే కర్నల్ మెకంజీ అనే దొర, కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో, ఊరూరి చరిత్రలు కరణాల చేత, పెద్దల చేత చెప్పించి వ్రాయించాడు. వాటిని కైఫియత్తులు అంటారు. ఊరు ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఏ రాజు ఇచ్చాడు, ఏ పాలెగాడు ఎప్పుడు దోచాడు, అన్నీ వాటిలో ఉంటాయి. మెకంజీ పోయిన తరువాత ఆ కాగితాలు పురుగులు తిని చిల్లులుపడి రాలిపోతుంటే, బ్రౌన్ తన పర్యవేక్షణలో వాటికి నకళ్లు వ్రాయించారు. మూలప్రతి శిథిలమైన చోట నేడు మనకు దిక్కు ఆ నకలే.

కడప జిల్లా కైఫియత్తులను బ్రౌన్ కేంద్రమే సంపుటాలుగా అచ్చువేసింది. 200 ఏళ్లనాటి ఆ వ్రాతలో మన ఊరి పేరు, మన చెరువు కట్ట, మన దేవళం ఉన్నాయేమో గ్రామపెద్దలు, బడిపంతుళ్లు ఒకసారి కడప వెళ్లినప్పుడు తీసి చూడవచ్చు. అట్లాగే అటకమీద తాత నాటి తాటాకు కట్ట ఉన్న ఇండ్లు ఇప్పటికీ జిల్లాలో లేకపోలేదు. దాన్ని నవమినాడు పూజచేసి ఏట్లో వదిలేముందు, అందులో ఏమున్నదో చదవగలవారు ఎర్రముక్కపల్లిలో ఉన్నారని గుర్తుంచుకోవాలి.